ఇంటర్ హాస్టల్లో ఉన్నాడుగా, ఇంకేం భయం?

ఆగస్టు వచ్చిందంటే మా కాలేజీ ఆఫీసు వరండాలో నాకు ఎక్కువగా వినబడే మాట ఇదే. "మావాడికి హాస్టల్ కొత్తేం కాదు సార్, ఇంటర్ రెండేళ్ళూ హాస్టల్లోనే" అంటాడు తండ్రి. కుర్రాడు పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటుంటాడు. ఆ ఫోన్ కూడా రిజల్ట్స్ వచ్చాక కొనిపెట్టిందే. తల్లి ఒక చేత్తో బకెట్టు, ఇంకో చేత్తో దిండు పట్టుకుని ఏమీ మాట్లాడదు. ఇరవై ఏళ్ళకు దగ్గరపడుతున్న ఉద్యోగంలో నాకు ఆ తండ్రి ధీమా మీద నమ్మకం పూర్తిగా పోయింది. రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో రెండేళ్ళు ఉండొచ్చిన పిల్లలకే బీటెక్ హాస్టల్ ఎక్కువ కొత్త. ఊళ్ళో ఉండి, ఆర్టీసీ బస్సులో వేలాడుతూ గవర్నమెంట్ కాలేజీకి తిరిగినవాళ్ళు వాళ్ళకంటే త్వరగా కుదురుకుంటారు.

ఎందుకో చెప్తాను. ఇంటర్ హాస్టల్లో తెల్లారి ఐదింటికి బెల్లు మోగుతుంది, లేదా తలుపు మీద కర్రతో కొడతారు. స్టడీ అవర్, టిఫిను, క్లాసులు, మళ్ళీ స్టడీ అవర్, రాత్రి పదిన్నర దాటాక పడక. ఫోన్ ఉండదు. బట్టలు మూట కట్టి పడేస్తే ఉతికి తెస్తారు. జ్వరమొస్తే ఫ్లోర్ ఇన్‌చార్జి నాన్నకి ఫోన్ చేస్తాడు, నాన్న వచ్చి తీసుకెళ్తాడు. ఔటింగ్ అంటే ఆదివారం అమ్మ తెచ్చిన బిర్యానీ గేటు దగ్గర చెట్టు కింద కూర్చుని తినడం. రెండేళ్ళపాటు ఆ పిల్లవాడు తనకోసం తీసుకున్న నిర్ణయం ఏదైనా ఉందా అని వెతికితే, ఓఎమ్మార్ షీటులో ఏ గడి నింపాలన్నది తప్ప ఏదీ కనబడదు. ఎన్నింటికి లేవాలి, ఎంత ఖర్చుపెట్టాలి, ఒంట్లో బాగోకపోతే ఎవరికి చెప్పాలి, ఆకలేస్తే ఏం తినాలి, ఇవన్నీ ఇంకొకళ్ళు చూసుకున్నారు. అలాంటివాడిని తీసుకొచ్చి, ఏ బెల్లూ మోగని చోట దింపి, "అలవాటే" అంటున్నాం.

తర్వాతేం జరుగుతుందో నాకు తెలుసు. మొదటి వారం ఉత్సాహం. రెండోవారం నుంచి పొద్దున తొమ్మిదింటి క్లాసులో వెనకబెంచీలు ఖాళీ. లేపేవాళ్ళు లేరు, రాత్రి మూడింటిదాకా ఫోను. టిఫిను మానేసి పదకొండింటికి క్యాంటీన్లో ఎగ్ పఫ్. జేఎన్‌టీయూ నిబంధనల ప్రకారం హాజరు 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య పడితే సరైన కారణం చూపించి, ఫీజు కట్టి, కండోనేషన్, అంటే హాజరు లోటుకి మినహాయింపు, తెచ్చుకోవాలి. 65 కంటే దిగితే ఆ సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వరు. డిటెన్షన్ లిస్టు గోడకి అంటించినరోజు నా గదికి వచ్చే తండ్రుల్లో చాలామంది ఆగస్టులో ఆ ధీమా మాట చెప్పినవాళ్ళే.

కాబట్టి నా వాదన ఒక్కటే. సీటు ఖాయమైన రోజుకీ హాస్టల్లో చేరే రోజుకీ మధ్య మిగిలే నాలుగైదు వారాలు షాపింగ్‌కి కాదు. ఆ రెండేళ్ళలో పిల్లల చేతుల్లోంచి మనం లాగేసుకున్న పనుల్ని ఒక్కొక్కటిగా తిరిగి వాళ్ళ చేతుల్లో పెట్టడానికి. ఆ కొద్ది వారాలే మనకున్న గడువు.

షాపింగ్ గురించి మాత్రం రెండు ముక్కలు మాట్లాడక తప్పదు. పరుపు, దిండు, రెండు బకెట్లు, మగ్గు, ఎక్స్‌టెన్షన్ బాక్సు, దోమతెర, బట్టలారేసుకునే తాడు, క్లిప్పులు, రెండు తాళాలు. ఆపైన ఆవకాయ, గోంగూర, కందిపొడి, నువ్వులపొడి, జంతికలు, సున్నుండలు, హార్లిక్స్ సీసాలో నెయ్యి. ఇవన్నీ కలిపి ఇన్నోవా వెనక సీటు తీసేసేంత సామాను. పొడులూ పచ్చళ్ళ జోలికి నేను పోను. వేరే రాష్ట్రం మెస్సులో మొదటి నెల వాటి విలువ ఎంతో తిన్నవాళ్ళకే తెలుసు, పైగా పక్క గది కుర్రాడితో మాట కలపడానికి అంతకన్నా మంచి సాధనం లేదు. కానీ పరుపెందుకు మోసుకెళ్తారు? మంచం కొలత తెలియకుండా కొన్న పరుపు, గదిలో వేశాక మూడంగుళాలు బయటికి వేలాడుతుంది. ఏ పెద్ద క్యాంపస్ గేటు బయటైనా ఆ వారంలో పరుపులు, బకెట్లు అమ్మే దుకాణాలు ఉంటాయి. అక్కడికి పిల్లవాడిని పంపించి, బేరమాడి కొనుక్కురమ్మనండి. పాతిక రూపాయలు ఎక్కువ పోసి తెచ్చినా ఏం కాదు.

ఇక ఫైలు. నా దృష్టిలో అసలు విషయం అది.

రెండేళ్ళ క్రితం మా అక్క కూతురికి రూర్కెలా ఎన్‌ఐటీలో సీటొచ్చింది. బావ అన్నీ పద్ధతిగా చేసే మనిషి. ఒక నీలం ఫైలు కొని, సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ కవర్లలో దూర్చి, పైన లిస్టు రాసి, బీరువాలో పెట్టి తాళం వేశారు. అమ్మాయికి ఆ ఫైల్లో ఏముందో తెలీదు. నేను వెళ్ళినప్పుడు అడిగాను. "టీసీ ఎక్కడుందే?" "నాన్న దగ్గర." "ఓబీసీ సర్టిఫికెట్ ఏ తేదీది?" "నాన్నకి తెలుసు మామయ్యా." బావకి కోపం వస్తుందని తెలిసినా చెప్పాను. ఆ ఫైలు ఈరోజు నుంచి అమ్మాయి బల్ల మీద ఉండాలి, మీరు సరిచూడ్డానికి మాత్రమే ముట్టుకోవాలి అని. "పదిహేడేళ్ళ పిల్ల, ఒక్క కాగితం పోతే సీటు పోతుంది" అన్నారు బావ. ఆయన భయం న్యాయమైనదే. ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్‌లో సీటు వచ్చాక ఫీజు కట్టడానికి, కాగితాలు అప్‌లోడ్ చెయ్యడానికి గడువు రోజుల్లో ఉంటుంది. అధికారులు ఏదైనా ప్రశ్న లేవనెత్తితే దానికి జవాబివ్వకపోతే సీటు రద్దు. ఆ పనిలో పెద్దవాళ్ళు కూడా కూర్చోవాల్సిందే. పక్కన కూర్చోమంటున్నాను, కీబోర్డు ముందు కాదు.

ఆ ఫైల్లో మనవాళ్ళు ఎక్కువగా తడబడేది కుల ధ్రువీకరణ దగ్గర. మన రాష్ట్రాల్లో ఇచ్చే బీసీ సర్టిఫికెట్ ఎప్సెట్‌కి పనికొస్తుంది, జోసాకి పనికిరాదు. అక్కడ కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్ కావాలి, అదీ ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి ఇచ్చినదై ఉండాలి. ఈడబ్ల్యూఎస్‌కీ అదే తేదీ నియమం. మీసేవలోనో సచివాలయంలోనో దరఖాస్తు పెట్టి, తహశీల్దారు సంతకం దాకా తిరగడం ఒక చిన్న చదువు. ఆ చదువు పిల్లకి చెప్పించండి. మా అక్క కూతురు రెండుసార్లు ఎమ్మార్వో ఆఫీసుకి వెళ్ళింది. రెండోసారి బావ బయట స్కూటర్ మీదే కూర్చున్నారు, నేనే కూర్చోబెట్టాను. ఆదాయ ధ్రువీకరణ కూడా అంతే ముఖ్యం. ఎన్‌ఐటీల్లో ట్యూషన్ ఫీజు సెమిస్టర్‌కి 62,500. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు అది పూర్తిగా మాఫీ. మిగతావాళ్ళలో కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష లోపుంటే పూర్తి మాఫీ, లక్ష నుంచి ఐదు లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. ఇది తెలియక ఫీజు మొత్తం కట్టేసి తర్వాత పరిగెత్తేవాళ్ళు ఉంటారు. పిల్లవాడికి ఈ లెక్క తెలిస్తే తన చదువుకి ఎంతవుతోందో, ఎవరు పెడుతున్నారో కూడా తెలుస్తుంది. మన ఇళ్ళల్లో ఆ అంకె పిల్లలకి చెప్పరు. "నీకెందుకు, నువ్వు చదువుకో" అంటారు.

ఓటీపీ సంగతి ఇంకా విచిత్రం. పిల్లల ఆధార్‌కి లింకయి ఉన్న నంబరు నూటికి తొంభై ఇళ్ళల్లో నాన్నది అని నా అంచనా. కొన్నిచోట్ల నాన్న ఎప్పుడో వదిలేసిన నంబరు. పిల్లవాడు హాస్టల్లో డిజీలాకర్ తెరవాలన్నా, స్కాలర్‌షిప్ పోర్టల్లో దరఖాస్తు పెట్టాలన్నా, ఆ ఆరంకెల కోసం నాన్నకి ఫోన్ చెయ్యాలి. నాన్న పొలంలో ఉంటాడు, బండి మీద ఉంటాడు, సిగ్నల్ ఉండదు. క్యూలో వెనకున్నవాళ్ళు విసుక్కుంటారు. పద్దెనిమిది నిండకపోతే సిమ్ కార్డు పెద్దవాళ్ళ పేరునే తీసుకోవాలి, నిజమే. కానీ పిల్లవాడి చేతిలో ఉండే నంబరుని అతని ఆధార్‌కి లింక్ చేయించడానికి అడ్డేమీ లేదు. ఆధార్ సెంటర్లో ఒక పూట పని. పదిహేనేళ్ళు దాటాక వేలిముద్రలు, కనుపాపలు మళ్ళీ ఇవ్వాలన్న నియమం ఉంది. ఇంటర్ హాస్టల్లో ఉండి అది కూడా చేయించుకోని పిల్లలు బోలెడుమంది, రెండూ ఒకేసారి అయిపోతాయి. దీంతోపాటు అతని పేరునే బ్యాంకు ఖాతా, అందులో నెలకింతని డబ్బు. వారానికోసారి అడిగినప్పుడల్లా ఐదొందలు ఫోన్‌పే కొట్టడం కంటే, ఒకటో తారీఖున ఒకేసారి వేసి, ఇరవయ్యో తారీఖుకి అయిపోతే ఏం చేస్తాడో చూడండి. అక్టోబరులో రెండుసార్లు ఇబ్బంది పడతాడు, జనవరికి సర్దుకుంటాడు.

రిపోర్టింగ్ రోజు మా కౌంటర్ ముందు కనిపించేది చెప్తే మీరు నవ్వుతారు. క్యూలో విద్యార్థి వెనక, తండ్రి ముందు. "నీ పేరేంటమ్మా?" అని అడిగితే తండ్రి చెప్తాడు. "ఏ బ్రాంచి?" తండ్రి చెప్తాడు. "బ్లడ్ గ్రూప్?" తండ్రి తల్లివైపు చూస్తాడు, తల్లి పిల్లవైపు చూస్తుంది. ఇక్కడ ఒక సంగతి గమనించాను. చదువుకున్న, ఉద్యోగాలున్న తల్లిదండ్రుల పిల్లలే ఎక్కువగా వెనక నిలబడతారు. ఇంగ్లీషు ఫారం చదవలేని తండ్రితో వచ్చిన పిల్లవాడు ముందుంటాడు. అన్నీ తనే నింపుతాడు, నాన్న సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపిస్తాడు, చలానా చదివి వినిపిస్తాడు. వాళ్ళకి ఇంకే కష్టమూ లేదని నేననను. ఫీజు, ఇంగ్లీషు, ఒంటరితనం, అన్నీ వాళ్ళకే ఎక్కువ. కానీ ఆఫీసు గుమ్మం ఎక్కడానికి వాళ్ళు జంకరు. మూడో సంవత్సరంలో ఇంటర్న్‌షిప్ లెటర్ కోసం ప్రిన్సిపాల్ గదికి ధైర్యంగా వెళ్ళేది కూడా వాళ్ళే.

మరి తల్లిదండ్రులకి పనేం లేదా? ఉంది, పిల్లల తరఫున మాట్లాడ్డం కాకుండా వేరే పని. నిబంధనలు చదవడం. యూనివర్సిటీలకి నియమాలు పెట్టే యూజీసీ 2018 అక్టోబరులో ఇచ్చిన నోటిఫికేషన్ ఒకటుంది. దాని ప్రకారం కాలేజీ ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి, సరిపోల్చుకుని, అక్కడికక్కడే తిరిగి ఇచ్చెయ్యాలి, దగ్గర పెట్టుకోకూడదు. సీటు వదులుకుంటే ఎన్ని రోజుల్లోపు ఎంత ఫీజు వెనక్కివ్వాలో కూడా అందులోనే ఉంది. అడ్మిషన్ల ఆఖరి తేదీకి పదిహేను రోజుల ముందే చెప్తే దాదాపు మొత్తం, ఆఖరి తేదీ దాటి పదిహేను రోజులు గడిచాక నెలలోపైతే సగం, ఇలా. మన దగ్గర ఎప్సెట్ కౌన్సెలింగ్ తేలకముందే ప్రైవేటు యూనివర్సిటీలో డబ్బు కట్టేసి, తర్వాత మంచి సీటొచ్చి, కట్టింది పోయిందనుకుని ఊరుకునే కుటుంబాలు చాలా. ఊరుకోకండి. ఒరిజినల్స్ విషయంలో మా రంగంలో జరిగేది ఈ నోటిఫికేషన్‌కి చాలాచోట్ల వ్యతిరేకమే. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి పడ్డప్పుడు కోర్సు పూర్తయిన పిల్లల సర్టిఫికెట్లు ఆపేయడం కూడా అందులో భాగమే. ఇస్తున్న ప్రతి కాగితానికీ రసీదు అడగండి. ఇది పెద్దవాళ్ళు గట్టిగా నిలబడాల్సిన చోటు.

ర్యాగింగ్ అండర్‌టేకింగ్ కూడా అలాంటిదే. యూజీసీ 2009 నిబంధనల కింద విద్యార్థీ, తల్లిదండ్రీ ఇద్దరూ వేరువేరుగా అఫిడవిట్ ఇవ్వాలి. మనవాళ్ళు దాన్ని చదవకుండా సంతకం పెడతారు. ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది, మనకిది కొత్త మాటేం కాదు. చదవమని ఎందుకంటున్నానంటే, సీనియర్ల రికార్డులు రాసిపెట్టమనడం, వాళ్ళ ఖర్చులు కొత్తవాళ్ళ నెత్తిన వెయ్యడం కూడా ర్యాగింగే అని ఆ నిబంధనల్లో స్పష్టంగా ఉంది. బయటి రాష్ట్రాల ఎన్‌ఐటీల్లో మన తెలుగు సీనియర్ల బృందాలు ఉంటాయి. స్టేషన్‌కొచ్చి సామాను మోసేది వాళ్ళే, మొదటి ఆదివారం ఆంధ్రా మీల్స్ ఎక్కడ దొరుకుతాయో చెప్పేదీ వాళ్ళే. ఒక్కోచోట "ఇంట్రో" పేరుతో అర్ధరాత్రి వరసలో నిలబెట్టేదీ వాళ్ళే. రెండూ నిజం. "మనవాళ్ళేగా" అని పిల్లవాడు నోరు మూసుకోకూడదు. 1800-180-5522 అన్న హెల్ప్‌లైన్ నంబరు ఫోన్లో ఉండాలి. మనసు బాగోనప్పుడు మాట్లాడ్డానికి టెలీ మానస్ 14416 కూడా. ఈ రెండు నంబర్లూ తల్లిదండ్రుల ఫోన్లలో కూడా ఉంటే మంచిది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఒళ్ళు మండే విషయానికి వస్తాను. ఓరియెంటేషన్. సాంకేతిక విద్యని నియంత్రించే ఏఐసీటీఈ 2018 నమూనా పాఠ్య ప్రణాళికలో మొదటి సంవత్సరం పిల్లలకి మూడు వారాల ఇండక్షన్ ప్రోగ్రామ్ తప్పనిసరి అని పెట్టింది. ఆటలు, బొమ్మలో సంగీతమో ఏదో ఒక కళ, మానవ విలువల మీద చిన్న గుంపుల్లో చర్చలు, ఊరు చూడ్డం, డిపార్ట్‌మెంటు పరిచయం. ఇందులో మన హైదరాబాద్ పాత్ర కూడా ఉంది. అక్కడి ఐఐఐటీ 2005లోనే మానవ విలువల కోర్సు మొదలుపెట్టింది. ఐఐటీ గాంధీనగర్ 2011 నుంచి కొత్త విద్యార్థులకి ఫౌండేషన్ ప్రోగ్రామ్ నడుపుతోంది. ఇలాంటి అనుభవాల నుంచే ఆ మూడు వారాల ఆలోచన వచ్చింది. ఇంటర్ హాస్టల్లోంచి వచ్చిన పిల్లలకి ఇంతకన్నా సరిగ్గా సరిపోయే మందు నేను చూడలేదు. పరీక్ష లేదు, ర్యాంకు లేదు, పక్కవాడితో మాట్లాడ్డమే పని.

మనం దాన్నేం చేస్తున్నాం? చాలా ప్రైవేటు కాలేజీలు మూడు వారాల్ని మూడు రోజులు చేసి, అందులో రెండు రోజులు చైర్మన్ గారి ఉపన్యాసం, ప్లేస్‌మెంట్ లెక్కలు పెడతాయి. నడిపే కాలేజీల్లోనేమో తల్లిదండ్రులు నడవనివ్వరు. "ఇంకా క్లాసులు మొదలవలేదుగా, ఇంటికొచ్చెయ్, వరలక్ష్మీ వ్రతం అయ్యాక వెళ్దువుగాని" అంటారు. పిల్లవాడు వెళ్ళిపోతాడు. తిరిగొచ్చేసరికి మిగతావాళ్ళంతా జట్లుజట్లుగా స్నేహాలు కట్టేసుకుని ఉంటారు. వీడు భోజనానికి ఎవరితో కూర్చోవాలో తెలియక గదికి ప్లేటు తెచ్చుకుంటాడు. మొదటి సెమిస్టర్లో కుంగిపోయి నా దగ్గరికి వచ్చినవాళ్ళని అడిగితే, వాళ్ళలో చాలామంది ఆ మొదటి వారాలు క్యాంపస్‌లో లేనివాళ్ళే. దీన్ని నేను పరిశోధన అనను, నేను చూసింది చెప్తున్నాను. మొదటి నెల ఇంటికి రానివ్వకండి. వ్రతం వచ్చే ఏడాదీ వస్తుంది.

ఆడపిల్లల విషయంలో ఇదంతా ఒక మెట్టు కింద మొదలవుతుంది. కొడుకుని దించేసి వచ్చేసే తండ్రే కూతురి హాస్టల్ కిటికీలకి ఊచలున్నాయో లేదో చూస్తాడు, వార్డెన్ నంబరు రాసుకుంటాడు, ఫోన్లో లొకేషన్ షేరింగ్ పెట్టించి మరీ కదుల్తాడు. ఆందోళన ఎందుకో నాకు తెలుసు, నాకూ కూతురుంది. కానీ నాలుగేళ్ళు ఒక చుక్కని మ్యాపు మీద చూస్తూ కూర్చోవడం వల్ల ఆ అమ్మాయికి రాత్రి తొమ్మిదింటికి ఆటో ఎక్కాలో వద్దో నిర్ణయించుకోవడం రాదు. మా అక్క ఇందులో బావ కంటే తెలివిగా చేసింది. వేసవిలోనే కూతుర్ని ఒంటరిగా విజయవాడ పంపి, పెద్దమ్మగారింటికి వెళ్ళి, రాత్రి బస్సులో తిరిగి రమ్మంది. బావ ఆ రాత్రి బస్టాండులోనే కూర్చున్నారనుకోండి, అది వేరే సంగతి.

రూర్కెలాకి మేమంతా కలిసే వెళ్ళాం, బొకారో ఎక్స్‌ప్రెస్‌లో, రాయగడ, సంబల్‌పూర్ మీదుగా. అమ్మాయి ఫైలు తన ఒళ్ళోనే పెట్టుకుంది. కౌంటర్ల దగ్గర బావ ఒక అడుగు వెనక నిలబడ్డారు, నాలుగుసార్లు నోరు తెరిచి మూసుకున్నారు. తల్లిదండ్రులతో సమావేశం అయ్యాక అక్క ఇంకో రెండురోజులు హోటల్లో ఉందామంది. అదే రాత్రి రైలుకి బయల్దేరదీశాను. ఊళ్ళో అమ్మ ఉందని తెలిస్తే పిల్ల మధ్యాహ్నం మెస్సుకి వెళ్ళదు, హోటల్‌కే వస్తుంది. రూమ్మేట్ ఒంటరిగా తింటుంది.

ఇంటికొచ్చాక అసలు పరీక్ష పెద్దవాళ్ళకి మొదలవుతుంది. పేరెంట్స్ వాట్సాప్ గ్రూపు. ఈరోజు పప్పు పల్చగా ఉందట, మూడో ఫ్లోర్లో నీళ్ళు రాలేదట, ఎవరైనా వార్డెన్‌కి ఫోన్ చెయ్యండి. ముప్ఫైమంది ఒకేసారి చేస్తారు. పల్చటి పప్పు మీద మెస్ కమిటీకి కంప్లయింటు రాయడం విద్యార్థి పని, వాళ్ళకి అక్కడ ప్రతినిధులుంటారు. ఆ గ్రూపులో ఉండొచ్చు, మ్యూట్‌లో పెట్టి. ఫోను రోజుకొకటి చాలు, అదీ తను చేస్తే. "తిన్నావా" తర్వాత రెండో ప్రశ్న మార్కుల గురించి కాకుండా ఉంటే, మూడోరోజు తనే ఏదో ఒకటి చెప్తుంది.

దసరా టికెట్ సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. 2024 నవంబరు నుంచి రైల్వేలో ముందస్తు రిజర్వేషన్ 60 రోజులకే. అంటే ఆగస్టులో చేరినవాళ్ళకి దసరా సెలవుల టికెట్ తెరుచుకునేది హాస్టల్లో సామాను సర్దుకుంటున్న రోజుల్లోనే. అది నాన్న తెల్లారే లేచి బుక్ చెయ్యనక్కర్లేదు. సెలవులెప్పుడో కాలేజీ క్యాలెండర్లో చూసుకుని, ఏ రైలో, ఏ తేదీనో తేల్చుకుని తననే చేసుకోనివ్వండి. వెయిటింగ్ లిస్టు నూట నలభై వస్తే, అప్పుడు ఫోన్ చేసి అడుగుతుంది ఏం చెయ్యమంటారని. మీకు తెలిసింది చెప్పండి, బుక్ చేసేది మళ్ళీ తనే.